2.20 అంటే రెండున్నర

పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం దగ్గర 2.20 అని ఉంటే హన్మకొండ చుట్టుపక్కల ఏ రైతైనా రెండెకరాల ఇరవై గుంటలు అని చదువుతాడు. అంటే రెండున్నర ఎకరాలు. అదే అంకెను ఎక్సెల్ గడిలో కొడితే కంప్యూటర్ దాన్ని రెండెకరాలూ, ఇంకో ఎకరంలో ఐదో వంతూ అనుకుంటుంది. దానికి 1.30 కలపమంటే 3.50 అని చూపిస్తుంది. నిజానికి రెండెకరాల ఇరవై గుంటలకు ఎకరం ముప్పై గుంటలు కలిస్తే వచ్చేది నాలుగెకరాల పది గుంటలు. గుంటలు నలభై నిండగానే ఎకరం కింద జమ అయిపోవాలి.

పంపకాల దగ్గర ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. ఐదెకరాలను ముగ్గురు అన్నదమ్ములకు పంచమంటే కాలిక్యులేటర్ 1.67 అంటుంది. ఎకరం అరవై ఏడు గుంటలు అనే మాట ఏ సర్వేయరూ రాయడు. ఒక్కొక్కరికి వచ్చేది ఎకరం ఇరవై ఆరు గుంటలు, ఆపైన గుంటలో మూడింట రెండు వంతులు. గుంటకు 121 చదరపు గజాలు కాబట్టి ఆ చివరి ముక్క దాదాపు 81 గజాలు. ఊళ్ళో ఒడ్డు తగాదాలు పుట్టేది సరిగ్గా ఇలాంటి ముక్క దగ్గరే.

తప్పు యంత్రానిది కాదు. చుక్కకు కుడివైపున ఉన్నవి పదో వంతులు, నూరో వంతులు అని దానికి చెప్పారు. ఇక్కడ ఉన్నవి నలభయ్యో వంతులు. భూమి రికార్డుల పోర్టల్‌గా 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినా గుంట మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి పాత లెక్కలంటే మ్యూజియంలో పెట్టే వస్తువులన్నట్టు మాట్లాడటం ఉత్తర తెలంగాణలో కుదరదు. ఒక లెక్క ఇంట్లో నడుస్తోంది, ఇంకో లెక్క బడిలో నడుస్తోంది. కంప్యూటర్‌తో చేయగలిగిన మంచి పని ఏదన్నా ఉంటే, ఈ రెంటినీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టడమే.

కానీ ఈ మాట అనగానే సాధారణంగా తయారయ్యేది ఒక క్విజ్ యాప్. 'కుంచానికి ఎన్ని మానికలు?' అని ప్రశ్న, కింద నాలుగు జవాబులు, సరైనది నొక్కితే చప్పట్ల శబ్దం. పంతులు బెత్తం పట్టుకుని చేయించిన బట్టీనే రంగులు పూసి చేయించడం ఇది. పిల్లలకు పేర్లు వస్తాయి, లెక్క రాదు. కుంచం అనే మాట తెలియడం ఒకటి, కుంచంతో ఆలోచించడం ఇంకొకటి.

వడ్లు కొలిచే పాత్రల వరస చూస్తే ఆ తేడా తెలుస్తుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. సోల లెక్కన చూస్తే ఈ ఐదు పాత్రలు వరసగా 1, 2, 4, 8, 16. ఇప్పుడు ఒక చిన్న షరతు పెట్టుకుందాం: ఒక్కో పాత్రను ఒక్కసారే నింపాలి, లేదంటే అసలు ముట్టుకోకూడదు. ఆ షరతుతో ఒక సోల నుంచి ముప్పై ఒక్క సోలల దాకా ఏ కొలతైనా వచ్చేస్తుంది, అదీ ఒకే ఒక్క విధంగా. పదమూడు సోలలు కావాలంటే అడ్డెడు, మానెడు, సోలెడు. కుంచం, తవ్వ ఖాళీగా ఉంటాయి. నిండిన పాత్రకు 1, ఖాళీ పాత్రకు 0 అని పెద్దదాని నుంచి రాస్తూ వస్తే 01101. కంప్యూటర్ లోపల పదమూడును రాసుకునే తీరు ఇదే.

మన తాతముత్తాతలు కంప్యూటర్ కనిపెట్టారని దీనికి అర్థం కాదు. అలాంటి మాటలు వాట్సాప్‌లో ఇప్పటికే కావలసినన్ని తిరుగుతున్నాయి. గింజల కుప్పను సగం చేయడం, కొలతను రెట్టింపు చేయడం మనిషి చేతికి సులువు, కంటితో సరిచూసుకోవడం ఇంకా సులువు. అందుకే చాలా దేశాల పాత కొలతల్లో ఈ రెట్టింపు వరస కనిపిస్తుంది. కంప్యూటర్‌కైనా కరెంటు ఉందా లేదా అనే రెండు స్థితులతో పని సులువు. రెండూ సులువు వెతుక్కుంటూ వెళ్ళి ఒకే చోట తేలాయి. ఎన్‌ఐటీలో చేరిన కుర్రాడికి బైనరీ అని కొత్తగా వినిపించే వరసనే, కైకిలి కింద వడ్లు కొలిపించుకున్న వాళ్ళమ్మమ్మ చూపుతోనే లెక్కగట్టేదని అతనికి ఎవరూ చెప్పరు, అంతే.

ఈ పాత్రల లెక్కను స్క్రాచ్‌లో చేయవచ్చు. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో పిల్లల కోసం విడుదల చేసిన ఉచిత ప్రోగ్రామింగ్ సాధనం అది. ఒకసారి దింపుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. తెర మీద ఐదు పాత్రల బొమ్మలు, పక్కన వడ్ల రాశి. పిల్ల సోలను లాగి రాశిలో ముంచుతుంది. రెండో సోల పోయగానే ఆ రెండూ ఖాళీ అయి తవ్వ నిండుతుంది. ఇంకో సోల పోస్తే తవ్వా సోలా నిండి ఉంటాయి, నాలుగోది పోయగానే రెండూ ఖాళీ అయి మానిక నిండుతుంది. కూడికల్లో 'చేతిలో ఒకటి' అంటుంటారే, అది ఇక్కడ కళ్ళముందు జరుగుతుంది. తెర మీద అంకెలు కనిపించాల్సిన అవసరం మొదటి రోజు లేనే లేదు. ఏ సోలకు ఎన్ని పాత్రలు ఒకేసారి ఖాళీ అవుతాయో పిల్లలే పసిగడతారు. పదహారో సోలకు నాలుగు పాత్రలు వరసగా ఖాళీ అయి కుంచం ఒక్కటే నిండినప్పుడు ఏ క్లాసులోనైనా ఒక కేక వినిపించక మానదు.

అయితే తెరతో మొదలుపెట్టకూడదు, తెర తర్వాత రావాలి. ఇంట్లో సోలో తవ్వో దొరికితే తెచ్చి ఇసుకతోనో వడ్లతోనో ఒక పూట కొలిచాకే కంప్యూటర్ దగ్గరికి పోవాలి. పాత్రను అంచుకు చదునుగా కొలవాలా, పైన గోపురంలా పోసి కొలవాలా అనే పంచాయితీ తెర మీద రాదు. గింజలు చేతిలో ఉన్నప్పుడే వస్తుంది.

భిన్నాలదీ ఇదే వరస. పదహారణాల తెలుగు, పదహారణాల నిజం అని ఇప్పటికీ అంటున్నాం గానీ అణా చూసినవాళ్ళు తగ్గిపోయారు. నిజాం రూపాయి హాలీ సిక్కాకు పదహారు అణాలే, బ్రిటిష్ రూపాయి కల్దారుకూ పదహారు అణాలే. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానం అన్న మారకం లెక్క మాత్రం వేరే తలనొప్పి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు పైసలయ్యాయి. పావలా పేరు ఇరవై ఐదు పైసల బిళ్ళకు అతుక్కుని ఇంకొన్నాళ్ళు బతికింది, 2011 జూన్ 30తో ఆ బిళ్ళా చెల్లకుండా పోయింది. దానికంటే ముందునుంచీ తెలుగు లెక్కలో పదహారో వంతుకు వీసం, ఎనిమిదో వంతుకు పరక, నాలుగో వంతుకు కాలు లేదా పావు అనే పేర్లున్నాయి. వీసమెత్తు అనుమానం అన్నప్పుడు ఆ వీసం ఇదే.

ఈ భిన్నాలకు రాతలో గుర్తులూ ఉండేవి. పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు. ఆపైన అరవై నాలుగో వంతులకు మళ్ళీ నిలువు గీతలు. ఒక్కో మెట్టు దిగినకొద్దీ నాలుగో వంతు, గీత దిశ మారితే మెట్టు మారినట్టు. తొమ్మిది అణాలంటే రెండు పావులు, ఒక వీసం: ౺౼. పదమూడు అణాలంటే మూడు పావులు, ఒక వీసం: ౻౼. లిపుల గుర్తులకు కంప్యూటర్‌లో సంకేతాలిచ్చే యూనికోడ్ పట్టికలో, 2008 నాటి 5.1 విడతలో, ఈ గుర్తులకు చోటు దొరికింది, తూముకు కూడా ఒక గుర్తు చేరింది. ఫోన్‌లో వాటి ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. కాబట్టి పాఠానికి ఫాంటును వెంట పెట్టుకోవాలి, లేదా గీతలను బొమ్మలుగా గీయాలి. పిల్లలకు బొమ్మలే మేలు. నాలుగు నిలువు గీతలు గీయబోతే చేయి ఆగి, 'ఇది ఒకటి అయిపోయింది కదా' అనుకోవడమే ఇక్కడి పాఠం.

ఇక్కడే కంప్యూటర్ ఒక రహస్యం బయటపెడుతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 0.1కి 0.2 కలపమంటే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. పదో వంతును యంత్రం తన రెండింటి లెక్కలో కచ్చితంగా రాసుకోలేదు, దగ్గరి అంకెతో సర్దుకుంటుంది. అదే వీసానికి పరక కలపమంటే, అంటే 0.0625కు 0.125 కలిపితే, తేడా లేకుండా 0.1875 వస్తుంది. సరిగ్గా మూడు వీసాలు. పది పైసల దగ్గర తడబడే యంత్రం అణా దగ్గర తడబడదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది చూపిస్తే పాత లెక్క వెనకబడినది, కొత్తది ముందున్నది అనే అభిప్రాయం కాస్త కదులుతుంది.

సెలవుల్లో ఆడే అష్టాచెమ్మలో కూడా వీసం దాగి ఉంది. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని పందేలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే పదహారు రకాలుగా పడవచ్చు. అష్టకు ఒక వీసం, ఒకటికి నాలుగు వీసాలు, రెండుకు ఆరు వీసాలు, మూడుకు నాలుగు వీసాలు, చెమ్మకు ఒక వీసం. అన్నీ కలిపితే పదహారణాలు. స్ప్రెడ్‌షీట్‌లో యాదృచ్ఛిక అంకెలతో వెయ్యిసార్లు గవ్వలు వేయించవచ్చు, ఇది ఎలాగూ పుస్తకాల్లో చెప్పేదే. అసలు మజా దాని తర్వాత ఉంది. క్లాసులో నిజం గవ్వలతో రెండు వందలసార్లు వేసి, పడింది పడ్డట్టు పక్క వరసలో నింపాలి. గవ్వకు ఒక వైపు ఉబ్బు, ఇంకోవైపు చీలిక, అది నాణెం కాదు. అరగదీసిన చింతగింజలైతే మరో రకం. తెర చెప్పిన వీసం, నేల చెప్పిన వీసం కలవవు. ఎందుకు కలవలేదని అడిగిన పిల్ల సంభావ్యత అనే పాఠంలోకి తనంతట తానే అడుగు పెట్టినట్టే.

అంకెలు, గీతలు అయ్యాక మాట మిగిలింది. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. ఏడు దగ్గర కొన్ని ఊళ్ళలో ఆరున్నొకటి అంటారు, ఏడుపు మాట కల్లంలో వినబడకూడదని. పాత్ర నిండేదాకా అదే మాటను సాగదీస్తూ పలకడం లెక్క తప్పిపోకుండా చేసుకున్న ఏర్పాటు. ఇది ఏ పట్టికలోనూ ఇమడదు. ఫోన్‌లో రికార్డు చేసి, స్క్రాచ్‌లో కుంచం ఎత్తినప్పుడల్లా ఆ గొంతే వినిపించేట్టు చేయడం పది నిమిషాల పని. ఆ గొంతు పిల్ల వాళ్ళ తాతదైతే ఇక ఆ ప్రోగ్రాంను ఎవరూ చెరిపేయరు.

తెలుగులో మనుషుల లెక్క వేరు, వస్తువుల లెక్క వేరు. రెండు ఎడ్లు, ఇద్దరు మనుషులు. మూడు మామిడికాయలు, ముగ్గురు పిల్లలు. యాప్‌లు వచ్చాక '3 స్నేహితులు' అని తెర మీద చదవడం అలవాటైపోయింది. దీనికి కారణం ఉంది. ఏ భాషలో అంకె పక్కన మాట ఎలా మారాలో చెప్పే సీఎల్‌డీఆర్ అనే సమాచార నిధిని యూనికోడ్ సంస్థ నడుపుతోంది. అందులో తెలుగుకు రెండే తరగతులు: ఒకటికి ఒకటి, మిగతా అన్నిటికీ ఇంకొకటి. లెక్కపెట్టేది మనిషినా వస్తువునా అని ఆ నియమం అడగదు. చిన్నపిల్లల లెక్కల ఆటను ఆ నియమం మీదే కడితే 'ఐదుగురు' అనే మాట పిల్లల నోట్లో పడే అవకాశమే ఉండదు.

ఆదిలాబాద్ వైపు వెళ్తే ఈ పంచాయితీ ఇంకా పెద్దదవుతుంది. కొలామిలో ఇద్దరు మగవాళ్ళకు ఒక మాట, ఇద్దరు ఆడవాళ్ళకు ఒక మాట, రెండు వస్తువులకు ఇంకో మాట ఉన్నాయి. గోండిలో ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని మొదలవుతుంది, ఉట్నూరు పలుకుకూ మరో చోటి పలుకుకూ ఆపై అంకెల్లో తేడాలు వస్తాయి. తెలుగు యాప్‌లో మాటలు తీసేసి గోండి మాటలు పెట్టినంత మాత్రాన అది గోండి లెక్కల పాఠం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన మాతృభాషా బోధన ప్రయత్నంలో గోండి, కొలామి, కోయ, బంజారా కూడా ఉన్నాయి. అప్పుడు సాధనం పుస్తకం. ఇప్పుడు ఫోన్ ఉంది కాబట్టి కనీసం పలుకునైనా ఉన్నదున్నట్టు పట్టుకోవచ్చు.

ఆదిలాబాద్ వైపే నార్నూర్ మండలం గుంజాలలో 2006లో గోండి లిపి రాతప్రతులు వెలుగు చూశాయి. ఆ లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది, దాని సొంత అంకెలతో సహా. అదే ఏడాది అదే విడతలో మధ్య అమెరికా మాయా అంకెలు, మన దేశంలో పారసీ దఫ్తర్ల లెక్కరాతకు వాడిన సియాక్ అంకెలు కూడా చేరాయి. గుంజాల గోండికి నోటో ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. అంటే గోండి అంకెలతో గడియారం, క్యాలెండర్, అష్టాచెమ్మ చేయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఏ ఊరి పలుకుతో చేయాలి, ఎవరి గొంతు పెట్టాలి అన్నది ఆ ఊళ్ళే తేల్చుకోవాలి.

ఈ పని ఏ క్రమంలో జరగాలో అలాస్కాలో ఒక ఉదాహరణ ఉంది. అక్కడి ఇన్యూపియాట్ ప్రజలు ఇరవైల లెక్క పలుకుతారు, మధ్యలో ఐదుకొక మజిలీ. 1990ల మొదట్లో కాక్టోవిక్ అనే ఊళ్ళో బడిపిల్లలు తమ పలుకుకు ఈ పది అంకెలు సరిపోవడం లేదని గమనించి, ఇరవై గుర్తులు కొత్తగా కట్టుకున్నారు. ఎన్ని ఐదులు, ఎన్ని ఒకట్లు అన్నది గుర్తు చూస్తేనే కనిపిస్తుంది. ముందు కాగితం మీద రాశారు, తర్వాత బడిలోనే చెక్కతో ఇరవైల పూసల చట్రాలు చేసుకున్నారు. యూనికోడ్‌లోకి అవి వచ్చింది 2022లో. ముందు పలుకు, తర్వాత చేయి, అన్నిటికంటే చివర కంప్యూటర్. మన దగ్గర యాప్ ముందు తయారై, అందులో పోయడానికి విషయం కోసం ఊళ్ళు తిరగడం చూస్తుంటాం.

లెక్క ఎప్పుడూ ఏదో పని మీద ఉంటుంది. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో ఎండాకాలం తునికాకు లెక్క ఉంది: కట్టకు యాభై ఆకులు, వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు. కట్ట కట్టే చేతికి యాభై అంటే పది ఐదులు. ఒక పిల్ల పొద్దున ఎన్ని కట్టలు కట్టింది, కల్లంలో ఎన్ని రాసుకున్నారు, కూలి ఎంత రావాలి అన్న మూడు వరసల షీటు ఏ పాత లెక్కల యాప్ కన్నా ఆ ఇంటికి ఎక్కువ పనికొస్తుంది. కోయలో లెక్కపెట్టి, తెలుగులో రాసి, అంకెల్లో సరిచూసుకునే పని అందులోనే అయిపోతుంది.

పాత లెక్కలకు లోపాలు లేవని కాదు. సగం, పావు, వీసం అని దిగే పద్ధతిలో మూడో వంతుకు చోటు లేదు. ఎన్నిసార్లు సగం చేసినా ముగ్గురు అన్నదమ్ములకు సరిగ్గా తెగదు. అణాకు పన్నెండు పైలు, అంటే రూపాయికి 192 పైలు పెట్టిన డబ్బు లెక్క ఈ ఇబ్బందిని తప్పించుకుంది: రూపాయిలో మూడో వంతు కచ్చితంగా ఐదణాల నాలుగు పైలు. నూరు పైసల రూపాయికి ఆ పని చేతకాదు. గుంటల లెక్కలో నలభైని మూడుతో కోస్తే మళ్ళీ శేషమే. ఏ లెక్క ఎక్కడ తెగుతుంది, ఎక్కడ తెగదు అని 10, 16, 40, 192 నాలుగింటినీ పక్కపక్కన పెట్టి భాగించి చూపడానికి స్ప్రెడ్‌షీట్‌ను మించినది లేదు. ఎకరాల షీటుకు కూడా వైద్యం అదే. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి, మొత్తం గుంటల్లోకి మార్చి కలిపి, 40తో భాగిస్తే భాగఫలం ఎకరాలు, శేషం గుంటలు. చుక్క జోలికే పోనక్కర లేదు.

ఇంతకన్నా పెద్ద లోపం కుంచానిదే. ఊరికో కుంచం, ఒక్కోసారి ఇంటికో కుంచం. అప్పుకు వడ్లు ఇచ్చేటప్పుడు ఒక కుంచం, తిరిగి పుచ్చుకునేటప్పుడు ఇంకో కుంచం అన్న మాట ఊరికే పుట్టలేదు. కిలో, లీటరు వచ్చి బీదవాడికి చేసిన మేలును పాత పేర్ల మీద మమకారంతో దాచిపెట్టకూడదు. యాప్‌లో 'కుంచం ఇన్ని కిలోలు' అని ఒకే అంకె పెడితే ఆ చరిత్రంతా చెరిగిపోతుంది. ఆ అంకె ఎవరి ఇంటి కుంచానిదో కూడా తెలియదు.

అందువల్ల బడిలో మొదలుపెట్టాల్సిన షీటు చాలా చిన్నది. మొదటి వరసలో ఊరి పేరు, రెండో వరసలో ఇంట్లో దొరికిన పాత్ర పేరు, మూడో వరసలో దాన్ని నీళ్ళతో నింపి లీటరు సీసాతో కొలిస్తే వచ్చిన అంకె, నాలుగో వరసలో ఆ పాత్రను ఎవరు, దేనికి వాడారో ఒక వాక్యం. పరకాల సోల, నర్సంపేట సోల, ములుగు సోల కలవకపోతే సగటు కట్టకూడదు, తప్పని దిద్దకూడదు. ఎవరి అంకె వాళ్ళ ఊరి పేరు పక్కన అలాగే ఉండాలి.